డబ్బాలుగా వచ్చిన మాట

ఇథియోపియా అక్క పోయింది. శుక్రవారం పొద్దున చపాతీ పిండి కలుపుతుంటే మేడమ్ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఖలాస్. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది" అంది. రెండు చేతులకీ పిండే. కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేకపోయింది.

గల్ఫులో, బుదైయాలోని ఆ ఇంట్లో వంట నాది, ఇస్త్రీ అక్కది. మాది కోనసీమ, తనది ఆడిస్ అబాబా. ఇద్దరిదీ ఒకటే గది. వచ్చీరాని అరబ్బీ, కాస్త హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. నేను అక్కా అంటే తను చెల్లీ అనేది. పాలు పోసి కాఫీ ఇస్తే మొహం చిట్లించేది. "పాలు చంటిపిల్లలకి చెల్లీ, కాఫీ మనుషులకి." నాకు జ్వరమొస్తే నా వంట తనే చేసేది. ఒకసారి అన్నం మాడితే నా బదులు తిట్లు కూడా తనే తింది.

పనయ్యాక మంచం మీద చేరబడి కూతురికి మెసేజ్ కొట్టేది. మనకి 'క'కి గుడి పెడితే 'కి'. ఫోనులో అక్షరం వేరు, గుడి వేరు, రెండూ అతుక్కుంటాయి. వాళ్ళకి అలా కాదట. ప్రతి గుణింతమూ ఒక పూర్తి అక్షరమే, ఫోనులో దానికంటూ ఒక చోటు. "మా అక్షరాలు అద్దెకుండవు, ఒక్కోదానికీ సొంతిల్లు" అని గొప్పలు పోయేది. "ఇల్లు లేనిది మనిద్దరికే" అనేదాన్ని. పడీపడీ నవ్వేది. ఆ నవ్వు కోసమే ఏదో ఒకటి అంటూండేదాన్ని.

ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరింది. మొహానికి మాస్కు, మాట లేదు. పోయే ముందు సాయంత్రం నా ఫోనుకి పెద్ద మెసేజ్ వచ్చింది. తెరిస్తే అక్షరాల బదులు అన్నీ ఖాళీ డబ్బాలు. తన భాషలో రాసినట్టుంది. ఆ భాషలో నాకెందుకు రాస్తుంది? కూతురికని కొట్టి, చెయ్యి తడబడి నా పేరు నొక్కింది. తన ఫోనుకి తాళం. ఆ తాళం అంకెలు తనతోనే పోయాయి.

డబ్బాలనే ఫొటో తీసి కూతురికి పంపి, తుబ్లీలో ఫోన్లు బాగుచేసే భాయ్ దగ్గరికెళ్ళాను. "ఫోనులో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా వేస్తే అక్షరాలొస్తాయి" అన్నాడు. చెరిపేశాడు. అక్షరాలు రాలేదు సరికదా, మెసేజే లేదు.

గదికి రాగానే కూతురు ఫోన్ చేసింది. గల్ఫులో పనిచేసి వెళ్ళిన పిల్ల, హిందీ వచ్చు. "ఆంటీ, ఫొటో కాదు, మెసేజే పంపండి. మీ ఫోనులో మా అక్షరాల బొమ్మలు లేవంతే. అక్షరాలు లోపల భద్రంగా ఉంటాయి, నా ఫోనులో కనబడతాయి."

"పోయింది తల్లీ. చెరిపించేశాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్ళీ తుబ్లీ పరుగెత్తాను. భాయ్‌ని తిట్టాను, బతిమాలాను. "పోతే పోయినట్టే దీదీ" అన్నాడు. రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. అక్క పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

మీ ఫోనుకి ఎవరి మాటైనా డబ్బాలుగా వస్తే, మీకు దండం పెడతాను, చెరపకండి. ఉన్నది ఉన్నట్టు ఎవరికి చెందాలో వాళ్ళకి పంపండి.

నిన్న కూతురు ఆ ఫొటోనే తిప్పి పంపింది. వాళ్ళ రాతలో ఒక్కో అక్షరానికి ఒక్కో డబ్బా, మాటకీ మాటకీ మధ్య ఖాళీ. ఆ పిల్ల పేరు మూడక్షరాలు. మూడు డబ్బాల మాట ఉన్న ప్రతిచోటా ఎర్రటి సున్నా చుట్టింది. ఫొటో నిండా సున్నాలే. కింద హిందీలో అడిగింది.

"వీటిల్లో నేనెక్కడున్నాను ఆంటీ?"