సిస్టరమ్మ సంతకం

మా సిస్టరమ్మ పోయింది. పొదిలి బస్టాండులో ఫిట్సొచ్చి పడిపోయిందని, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని నా బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. ఫిట్సొస్తే ఏం చేయాల్నో ఊరూరా నేర్పించిన మనిషి ఫిట్సుతోనే పోయింది. నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది.

నేను తర్లుపాడు కాడ పలకల గనిలో పనిచేసినోణ్ణి. ఐదో తరగతి దాకా చదివినా. నా బిడ్డకు చిన్నప్పటి నుంచీ ఫిట్సు. వచ్చినప్పుడల్లా చేతిలో తాళాల గుత్తి పెట్టి, కదలకుండా అదిమి పట్టుకునేవాళ్లం. ఒకసారి మా ఊరికొచ్చిన నర్సు, ఈ సిస్టరమ్మే, అది చూసి, "తాళంచెవి పెడితే తెరుచుకునేదానికి నీ బిడ్డేమన్నా బీరువానా పెదనాయనా?" అన్నది. పెద్ద డాక్టరుకు చూపించింది, మాత్రలు మానకుండా మింగించింది. ఈ పొద్దు నా బిడ్డ ఇద్దరు పిల్లల తల్లి.

నీకేం చేయగలను తల్లీ అంటే, "నలుగురిలో మాట్లాడేది నీకెట్లాగూ రాదు. వచ్చి చాప మీద పడుకో, చాలు" అన్నది.

ఆమె పని, నేర్పేవాళ్లకు నేర్పడం. బడి సార్లు, ఆశా కార్యకర్తలు మార్కాపురం వచ్చి ఆమె దగ్గర నేర్చుకొని, వాళ్ల ఊళ్లలో పదిమందికి నేర్పాల. వాళ్ల ముందర నేను ఫిట్సొచ్చినోని మాదిరి పడుకునేది. ఒక్కొక్కరే వచ్చి నన్ను పక్కకు తిప్పాల. నోట్లో ఏమీ పెట్టగూడదు. వాచీ చూసుకోవాల. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో మందు కొట్టాల. నేర్చుకునేటప్పుడు మాత్రం అది ఖాళీ సీసానే. అందరిదీ అయినాక చేయిచ్చి లేపి, "లే పెదనాయనా, బతికినావు" అనేది.

చేత్తో చేయందే, నేర్చుకున్నట్టు ఇచ్చే కాగితం మీద ఎవరికీ సంతకం పెట్టేది కాదు. "నోటితో నేర్చింది నోట్లోనే ఉంటది. అవసరానికి చేయి రాదు" అనేది.

అన్నం తిన్నాక అందరి ముందరే తన మాత్ర మింగేది. "నాకూ ఫిట్సే. దాచుకుంటే నన్ను కాపాడేదెవరు?" అని బ్యాగు పైజేబు తెరిచి చూపించేది. "నా మందు ఇక్కడుంటది, చూసి పెట్టుకోండి."

ఒకసారి ఒక సారు నన్ను ముట్టుకోలేదు. నేను గని నుంచి నేరుగా వచ్చినా, చొక్కా నిండా రాతి దుమ్ము. ఆయన చేతులు కట్టుకొని, తిప్పాల, వాచీ చూడాల అని పాఠం అప్పజెప్పినాడు.

"చేత్తో చేయి సారూ."

"తెలుసు కదమ్మా! గిద్దలూరు బస్సు పోతాది."

ఆమె పెన్ను మూత తీయలేదు. అందరూ నా దిక్కే చూస్తావుంటే, నావల్లనే ఈ రచ్చ అని సిగ్గేసింది. "పోనీలేమ్మా, పెట్టు. సారుకు తెలుసులే" అన్నా. అన్నేళ్లలో ఆ హాల్లో నేను నోరు తెరిచింది అప్పుడొక్కసారే. నా ముఖం చూసి సంతకం పెట్టింది.

ఆమె పడిపోయిన పొద్దు ఆ సారు ఆ బస్టాండులోనే ఉన్నాడు. ఆమె ఇంటి ముందర ఆయనే నాతో చెప్పినాడు, తల వంచుకొని.

"జనం వెల్లకిలా అదిమి పట్టినారు పెద్దాయనా. ఎవరో తాళాలు పెట్టినారు, ఎవరో నోట్లో నీళ్లు పోసినారు. బ్యాగు నా కాళ్ల కాడే పడింది. మందు యాడుందో నాకు తెలుసు. చేయి రాలేదు."

ఆయన్ను ఏమనేది? ఆ కాగితం ఇప్పించింది నేనే కదా.

లోపలికి పోయినా. ఆమెను పండబెట్టింది మా చాప మీదే. తల పెట్టుకునే కాడ నా నూనె మరక. ఆ మరక మీద ఆమె తల. వెల్లకిలా. అరచేతిలో తాళాల అచ్చు ఇంకా పోలేదు. పక్కన కూర్చొని, భుజం కింద చేయి పెట్టినా, పక్కకు తిప్పుదామని.

"ఏంది పెద్దాయనా, ఏం చేస్తావుండావు? జరుగు" అన్నారెవరో.

జరగలేదు. చేయి అట్లనే ఉంచినా. భుజం చల్లగా ఉన్నది.