వానొస్తే మోగే హారన్

బళ్ళారిలో కార్ల వైరింగు పని చేసుకుని బతికేవాణ్ణి నేను. వానాకాలంలో వచ్చే కరెంటు జబ్బంత దొంగ జబ్బు ఇంకొకటి లేదు. వానలో మొరాయించిన కారును ఎండ కాశాక తోలుకొస్తారు. అప్పుడది నంగనాచిలా నడుస్తుంది. అందుకే నా దగ్గర మీటరు కన్నా ముందు చెంబు బయటికొస్తుంది. ఒక్కో చోటే నీళ్ళు పోసి, జబ్బును మళ్ళీ రప్పించి పట్టుకుంటాను.

ఊరి కార్లకు ఇంత చేసేవాణ్ణి, నా కారును మాత్రం పట్టించుకోలేదు. మా ఆవిడ పోయాక వచ్చిన మొదటి వానాకాలంలో అది తనంతట తానే హారన్ కొట్టడం మొదలుపెట్టింది. వాన పట్టుకుంటే చాలు, ఆపకుండా మోగేది.

ఆ మోత వినగానే నా నోట "వస్తాండా, వస్తాండా" అని వచ్చేసేది. మా ఆవిడ ఉన్నప్పుడు, ఎక్కడికి బయల్దేరినా ఆమే ముందు కారెక్కి కూర్చునేది. నేను తాళంచెవి వెతుక్కుంటుంటే హారన్ నొక్కేది. నేను లోపలినుంచి అలాగే అరిచేవాణ్ణి. ఇప్పుడు సీటు ఖాళీగా ఉంటుందని తెలుసు. అయినా పరుగెత్తేవాణ్ణి. వెళ్ళి ఫ్యూజు పీకేవాణ్ణి, వాన వెలిశాక మళ్ళీ పెట్టేసేవాణ్ణి. నిజం చెప్పాలంటే బాగు చేయాలన్న తొందర నాకు లేదు. ఆ ఇంట్లో నన్ను పిలిచేది అదొక్కటే.

పక్కింటి ముసలమ్మ కూతురు పురిటికి వచ్చి పసిబిడ్డతో ఉంది. ఒక పొద్దున ఆ ముసలమ్మ గోడ మీదుగా కేకేసింది.

"ఏందప్పా ఇది? ఊరందరి కార్లూ రిపేరి చేస్తావు, నీది జూస్తే ఇట్ల కూస్తాండాది. పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తాండాదప్పా!"

"ఈ పొద్దే జూస్తాలేమ్మా" అన్నాను.

చెంబు తీసుకుని కూర్చున్నాను. ఫ్యూజుల పెట్టె దగ్గర పోస్తే ఉలుకూ పలుకూ లేదు. కారు ముందువైపు జాలీ మీద పోసి కాసేపు ఆగితే హారన్ అందుకుంది. టార్చి వేసి చూశాను. జాలీ వెనక పురికొస ముడి. పోయిన ఆయుధపూజకు మా ఆవిడ దిష్టికి కట్టిన నిమ్మకాయ ఎప్పుడో ఎండి రాలిపోయింది, ముడి మిగిలింది. సండూరు దారిలో ఖనిజం లారీలంటే ఆమెకు చచ్చేంత భయం. నిమ్మకాయ ఊడిపోకూడదని హారన్ బటన్ వైరును కూడా కలిపి ఇనుప పట్టీకి బిగించేసింది. తడిస్తే పురికొస బిగుసుకుంటుంది, నులకమంచం అల్లేవాళ్ళను ఎవరినడిగినా చెబుతారు. బిగిసినప్పుడల్లా, ముడి ఒరిపిడికి తోలు ఊడిన ఆ వైరు ఇనుమును తాకేది. తాకిందంటే హారన్ నొక్కినట్టే లెక్క.

విప్పబోయాను, రాలేదు. ఆమె ముడులన్నీ అంతే. ఊరగాయ జాడీకి కట్టిన గుడ్డను కూడా నేనెన్నడూ విప్పలేకపోయాను. ఏడుపొచ్చింది. గోడవతల బిడ్డ కూడా ఏడుస్తోంది. కత్తెర తెచ్చి ముడి తెంపేశాను. వైరుకు టేపు చుట్టాను.

సాయంత్రం వాన పట్టుకుంది. తాళంచెవి చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

"బిడ్డ హాయిగా పండుకోనుండాదప్పా, నీకు పుణ్యముంటాది" అంది గోడవతల నుంచి ముసలమ్మ.

వాన వెలిసేదాకా అక్కడే నిలబడ్డాను. నన్నెవరూ పిలవలేదు.