హాబీ: ఎయిర్ బ్లాస్టులు

ఆ రోజుల్లో మా బంగారు గనుల ఊరు గోల్డ్ ఫీల్డ్స్‌లో హాబీ అనే మాట కాలేజీ అప్లికేషన్లో తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్లయింది. అమ్మ పోయాక కార్మికుల లైనులోని ఒంటిగది ఇంట్లో నేనూ, గనిలోకి దిగే మా నాన్నా మిగిలాం. బెంగళూరు కాలేజీలో సీటు వస్తే చదువు, రాకపోతే నాన్న వెనకాలే గనిలోకి. అందుకని ఫారం పట్టుకుని మా వీధి టైపు మాస్టారి దగ్గరికి వెళ్లాను. "హాబీ కాడ ఖాళీ ఇడిస్తే సీటు ఇయ్యరప్పా. స్టాంపులని కొట్టేదా?" అన్నాడాయన. మా ఇంటికి ఉత్తరాలే రావు, ఇక స్టాంపులెక్కడివి! "నేను ఎయిర్ బ్లాస్టులు రాసుకుంటా సార్" అన్నాను. ఆయనదీ మా ఊరే కనుక మారు మాట్లాడకుండా టకటకా కొట్టేశాడు.

(మా ఊరు ఎరగనివారికి ఒక మాట. గని లోతుల్లో రాయి ఒత్తిడికి ఉన్నట్టుండి పగిలితే కింద పనిచేసేవాళ్ల మీద రాళ్లు కూలేవి, పైన ఇళ్లన్నీ అదిరేవి. దాన్నే మేం ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్లం.) నాన్న షిఫ్టులో ఉంటే ఇంట్లో నాతో మాట్లాడే దిక్కుండేది కాదు. అదిరినప్పుడల్లా నోటుబుక్కు తీసి, "మంగళవారం మధ్యాహ్నం. చెంబు దొర్లింది. తపేలా కదల్లేదు" అని రాసుకునేవాణ్ణి. తపేలా కూడా కదిలిందంటే గట్టిదే అని నా శాస్త్రం.

ఇంటర్వ్యూలో ప్రిన్సిపాలు అనంతపురం వైపు పెద్దాయన. ఫారం చూసి ఉలిక్కిపడ్డాడు. "బ్లాస్టులా? యాడ పేలుస్తావురా?" పక్కనున్న లెక్చరరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "నేను పేల్చను సార్. అదే పేలుతాది. నేను ఇంట్లో కూర్చోని రాస్తా" అని నోటుబుక్కు చేతికిచ్చాను. తపేలా శాస్త్రం చదివి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, సీటు వచ్చేసినట్టే అనుకుని. పేజీలు తిప్పుతున్న పెద్దాయన ఆగాడు.

"ఇదేంది, ప్రతిదాని కిందా 'నాయన వచ్చినాడు' అని ఉండాది?"

"అది రాసినాకనే సార్, బుక్కు మూసేది."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన కళ్లద్దాలు తీసి, "ఇది హాబీ కాదప్పా" అన్నాడు మెల్లగా. సీటు పోయిందనుకున్నాను. "హాబీనే సార్! మూడేండ్లుగా చేస్తా ఉండా. ఒక్కటీ ఇడిసిపెట్టలే!" అని వాదనకు దిగాను.

సీటు ఇచ్చారు. నా తెలివికే ఇచ్చారనుకుని చాలా ఏళ్లు గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. భయానికి హాబీ అని పేరు పెట్టి, దాన్ని టైపు కూడా కొట్టించి, పెద్దవాళ్లతో పోట్లాడిన ఘనుడు ఆ కుర్రాడు! వీలుంటే ఆ ఒంటిగదికి వెళ్లి, వాడి పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది, నాన్న వచ్చేదాకా.