సబు దీవికి ఇరవై రెండు ఎంబీ

కూపాంగ్ అనే రేవు పట్టణంలో, చుట్టుపక్కల దీవుల ఆరోగ్య కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఓ చిన్న సంస్థ ఉంది. అందులో లినక్స్ పని తెలిసింది యుబ్లినా నబువాసా ఒక్కతే. టీకాల నమోదు ప్రోగ్రామ్‌ని కంటైనర్‌లో, అంటే నడవడానికి కావలసిన ఫైళ్లన్నిటితో కట్టిన మూటలో, పెట్టి సబు దీవికి పంపాల్సి వచ్చింది. ఇమేజ్ అనే ఆ మూట తొమ్మిది వందల ఎంబీ. అక్కడి నెట్ గాలి గట్టిగా వీస్తే పోతుంది. మూడు రోజులు ప్రయత్నించినా సగం కూడా దిగలేదు.

"పెన్‌డ్రైవ్‌లో వేసి పడవకిచ్చేద్దాం" అన్నాడు సంస్థ పెద్ద, అందరూ పాక్, అంటే అయ్యగారు, అని పిలిచే మెల్కియోర్.

"మార్పు చేసినప్పుడల్లా పడవెక్కిస్తామా పాక్? అందులో ఉన్నవాటిలో పదోవంతు కూడా మనకి అక్కర్లేదు. ఖాళీ ఫోల్డర్‌తో మొదలుపెట్టి ప్రోగ్రామ్‌కి కావలసిన ఫైళ్ల గూడు, అదే రూట్ ఫైల్ సిస్టమ్, నేనే కడతాను."

"ఖాళీ ఫోల్డరా! ఓపిక మరీ ఎక్కువైనట్టుందే నీకు!"

ఓపికే ఆమె బలం. కంటైనర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కి ఆ ఫోల్డరే లోకం, అందులో లేనిది దానికి ఎక్కడా లేనట్టే. ముందు ప్రోగ్రామ్ పెట్టింది. అది అడిగే సహాయక ఫైళ్లు, లైబ్రరీలు, మాత్రమే తెచ్చింది. నడిపితే ఆగిపోయేది. ఎందుకు ఆగిందో చదువుకుని ఇంకో ఫైలు చేర్చేది. ఇలా పన్నెండు రోజులు. తేలింది ఇరవై రెండు ఎంబీ. సబులో టీ తాగి వచ్చేలోపు దిగిపోయింది.

వారం తిరక్కుండానే అక్కడి నర్సు, ఊరంతా మామా, అంటే అమ్మా, అని పిలిచే అడోల్ఫినా ఫోన్ చేసింది.

"నోనా, అమ్మాయీ, మంగళవారం పొద్దున ఆరింటికి ఇరవైమంది పిల్లలకి టీకాలేశాను. నీ ప్రోగ్రామేమో సోమవారం అంటోంది! మతి పోయింది నాకా, దానికా?"

యుబ్లినా వెంటనే ఫైళ్ల జాబితా తిరగేసింది. ఏ ఊళ్లో టైమెంతో చెప్పే ఫైళ్లు అక్కర్లేదనుకుని వదిలేసింది. అవి లేక లోపలి గడియారం ప్రపంచ ప్రామాణిక సమయమే పట్టుకుని, ఎనిమిది గంటలు వెనక నడుస్తోంది.

"మీ మతి భేషుగ్గా ఉంది మామా. తప్పు నాదే."

"అయితే సరే. నేనింకా మందులేసుకోవాలేమో అనుకున్నా!"

గుట్టుగా సర్దేద్దామన్నాడు పాక్. యుబ్లినా ఒప్పుకోలేదు. ఆ ఫైళ్లు చేర్చి కొత్త ఇమేజ్ పంపింది. నర్సు చేత నోటుపుస్తకం చదివించుకుంటూ, ఫోన్‌లోనే ఒక్కో బిడ్డ తేదీ సరిచేసింది. రెండు గంటలు పట్టింది.

తర్వాత ఇమేజ్ కట్టే ఆదేశాలున్న స్క్రిప్ట్‌లో ప్రతి ఫైలు పక్కనా అది ఎందుకుందో ఒక వాక్యం రాసింది, తను లేకపోయినా పని ఆగకూడదని. రోటే దీవికీ అలాంటి ఇమేజ్ కావలసివచ్చినప్పుడు ఆమె సెలవులో ఉంది. కోడ్ ముట్టి పదేళ్లయిన పాక్ మెల్కియోర్ ఆ వాక్యాలు చదువుకుంటూ మధ్యాహ్నానికల్లా ఇమేజ్ కట్టేశాడు, ఎవరినీ అడక్కుండా.