ఒక్క బాతుపిల్ల కోసం మళ్ళీ మొదలుపెట్టిన మనిషి

బాతులు మేపుకునే అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్ళకీ నమస్కారాలు.

నా చేతిరాత బాతు నడిచిన బురదలా ఉంటుంది. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడాలో సరిగ్గా తెలీదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

డాక్టరమ్మ గారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న, బందరులో వాళ్ళ తమ్ముడి ఇంట్లో. ఆ తమ్ముడే ఫోన్ చేసి, "బాబాయ్ గారూ, అక్క వెళ్ళిపోయిందండి" అన్నాడు. వెంటనే బందరు బస్సెక్కాను. చర్చిలో ఆమె గురించి రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను గానీ చెప్పలేక కూర్చున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. వరికోతలయ్యాక మందలు పొలాల్లోకి దిగే రోజుల్లో స్కూటీ మీద కోడూరు దాకా వచ్చి, గట్టు మీద చెప్పులు వదిలేసి బురదలోకి దిగేవారు. గుడివాడ అవతల ఒక చిన్న లాబ్‌లో బాతులకి టీకా తయారు చేయడం ఆమె పని. అక్కడ బాతుల షెడ్డు చూసుకోవడం నా పని. మా నాన్న మందలు తోలినవాడు, నేనూ తోలాను. ఒక ఏడు బాతుల ప్లేగు వచ్చి మంద మొత్తం పోయాక ఆ షెడ్డులో చేరాను.

ఆమె చేసేది నాకు అర్థమయ్యేలా చెప్పిన మొదటి మనిషి ఆమే. బాతుల ప్లేగు వైరస్‌ని కోడిగుడ్డులో పెంచేవారు. అందులోంచి తీసి ఇంకో గుడ్డులోకి, అక్కణ్ణుంచి మరో గుడ్డులోకి. కోడిగుడ్డుకి అలవాటు పడేకొద్దీ దానికి బాతుని చంపే బలం తగ్గుతుందట. అలా మెత్తబడిన వైరస్ మీద, బాతుపిల్లల్ని చంపే లివర్ జబ్బు వైరస్‌లోని చిన్న ముక్కని ఎక్కించి పంపితే, ఒక్క సూదితో రెండు జబ్బులకీ కాపు. అలాంటప్పుడు దాన్ని పూర్తిగా చంపేసి ఇవ్వొచ్చు కదమ్మా అని ఒకసారి అడిగాను.

"చచ్చింది ఏం మోస్తుంది బాబాయ్? బతికుండాలి, మొయ్యాలి, కానీ కొట్టకూడదు. అంతవరకే దాని బలం తగ్గించాలి" అన్నారు.

దీపం ముందు ఒక్కో గుడ్డూ పట్టుకుని లోపల పిల్ల కదులుతోందో లేదో చూసేవారు. ఎన్ని గుడ్లున్నా అన్నీ తనే చూసేవారు. బందరు బస్సు దిగి వచ్చేటప్పుడు పకోడీ పొట్లం తెచ్చి, చేతులు కడుక్కున్నాకే విప్పమనేవారు. నా చదువు అంతంతమాత్రమేనని తెలిసీ షెడ్డు పుస్తకం నా చేతికే ఇచ్చారు. రోజుకొక్క వాక్యం రాయాలి. నేను సిగ్గుపడితే, "నాకు అందమైన రాత వద్దు, చూసింది రాస్తే చాలు" అనేవారు.

ఆ చూసింది రాయకపోవడమే నేను చేసిన తప్పు.

ఏళ్ళ తరబడి గుడ్లు మార్చాక, మెత్తబడిన వైరస్‌కి పాత బుద్ధి తిరిగొస్తుందేమో చూడాలన్నారు. కొన్ని బాతుపిల్లలకి ఇవ్వడం, వాటిలోంచి తీసి ఇంకో జట్టుకి ఇవ్వడం, అలా ఐదు జట్లు. నాలుగు జట్లు చక్కగా ఉన్నాయి. ఐదోది కూడా గట్టెక్కితే కోడూరు మందలకి వేసి చూడటానికి అనుమతి చేతిలో ఉంది. మొదటి మంద మా ఆవిడ తమ్ముడిది, అంటే మా బావమరిదిది. వాడు రోజూ ఫోన్ చేసి ఎప్పుడొస్తారని అడిగేవాడు.

ఐదో జట్టులో ఒక రోజు తెల్లవారేసరికి ఒక పిల్ల రెక్కలు వాల్చేసి, వెలుగు చూడలేక కళ్ళు మూసుకుని ఉంది. మందలు తోలేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అలాంటి పిల్ల కనిపిస్తే మనం ముందు చేసే పని దాన్ని తీసి వేరే పెట్టడం. చిన్నప్పటి నుంచీ అదే చేసిన చేతులు. తీసి షెడ్డు మూల గంప కింద పెట్టేశాను. పుస్తకంలో "అన్నీ బాగున్నాయి" అని రాశాను. అబద్ధం అనిపించలేదు, గంప బయట ఉన్నవన్నీ బాగానే ఉన్నాయి. ఐదు జట్లు పెట్టిందే అలాంటి పిల్ల ఒక్కటైనా కనిపిస్తుందేమో చూడటానికని అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

మర్నాడు టీ తాగుతూ ఆమె సోమవారం కోడూరు వెళ్దామన్నారు. నవ్వుతూ అన్నారు, ఆ నవ్వు చూశాక ఇక దాచలేకపోయాను.

"అమ్మా, నిన్న ఒక పిల్ల నలతపడింది. నేనే తీసి పక్కన పెట్టాను. రాయలేదు."

ఆమె గ్లాసు కింద పెట్టారు. "బతికుందా?"

"ఉందండి. గంప కింద."

"పదండి."

దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆమె తలెత్తకుండానే అన్నారు, "మీరు మందని కాపాడదామనుకున్నారు బాబాయ్. మనం కాపాడాల్సిన మంద ఈ షెడ్డులో లేదు, కోడూరులో ఉంది."

పరీక్షలు చేస్తే నిజమే, వైరస్‌కి పాత బలం కొంత తిరిగొచ్చింది. లాబ్ యజమాని గారు వానకి చలి పట్టి ఉంటుందేమో, ఒక్క పిల్లే కదా అన్నారు. "ఒక్క పిల్లేనండి. అది బయట ఉంటే పక్కదానికి అంటించేది" అని ఆమె సీసాలన్నీ నాశనం చేయించారు. ఇన్నేళ్ళ పని. ఆ రోజు పకోడీ పొట్లం అలాగే ఉండిపోయింది.

మా బావమరిదికి నేను చెప్పలేనని తెలిసి ఆమే కోడూరు వచ్చి చెప్పారు. వాడు ఆమె ఎదురుగానే నన్ను ఎత్తిపొడిచాడు, "ఏం బావా, షెడ్డులో పిల్ల తుమ్మిందని నా మందని గాలికొదిలేశారా?" అని. ఆమె మాత్రం, "జబ్బు మీ మందకి ఎటునుంచైనా రావచ్చు అన్నయ్యా, నా సూదిలోంచి మాత్రం రాకూడదు" అన్నారు.

ఆ ఏడే వాడి మందకి ప్లేగు తగిలింది. సగానికి పైగా పోయాయి. ఆమె పరుగున వచ్చారు. గోతిలో సున్నం చల్లుతుంటే పక్కనే నిలబడ్డారు. వాడు ఆమెతో మాట్లాడలేదు, ఆమె వెళ్ళిపోనూ లేదు. తిరిగొచ్చేటప్పుడు అవనిగడ్డ దాటాక అన్నారు, "ఈసారి వైరస్‌కి కొట్టడం మరిపించడం కాదు బాబాయ్. మరిచిపోయింది గుర్తు రావచ్చు. కొట్టే ముక్కనే కోసి తీసేద్దాం. లేనిది తిరిగి రాదు."

మర్నాడే మొదలుపెట్టారు. ఆ ముక్క ఎక్కడుందో వెతకడానికే చాలా కాలం పట్టింది. ఈలోగా ఆమెకి జబ్బు బయటపడింది. మందు ఎక్కించుకుని వచ్చి, జుట్టు రాలిన తలకి కొంగు చుట్టుకుని గుడ్లు చూసేవారు. ఇంట్లో ఉండొచ్చు కదమ్మా అంటే, "ఇంట్లో ఉంటే జబ్బు తగ్గుతుందా ఏం" అనేవారు. ఈసారి ఐదు జట్లూ అయ్యాయి. సరిపోదని ఇంకో రెండు పెట్టించారు. ప్రతి పిల్లనీ నేను చూశాను. చూసింది చూసినట్టు రాశాను. ఏడో జట్టు కూడా నీళ్ళలో ఈదుకుంటూ తిరిగింది.

ఈ కోతలకి మొదటి సూది మా బావమరిది మందకే. ఆమె బురదలోకి దిగలేక గట్టు మీద కుర్చీలో కూర్చున్నారు. వాడు ఒక్కో బాతునీ తనే ఎత్తి పట్టుకుని ఆమె ముందుకి తెచ్చాడు. చివర్లో ఒక్కటే అన్నాడు, "ఎండగా ఉందమ్మా, గొడుగు తెస్తాను."

ఆ తర్వాత మీ మందలకీ వేశాం. ఇంకా చూడాల్సింది ఉంది, ఆమె అదే చెప్పి వెళ్ళారు. కాబట్టి ఇది చదివినవాళ్ళని ఒకటి అడుగుతున్నాను. టీకా వేసిన బాతుల్లో ఒక్కటి రెక్క వాల్చినా సరే, గంప కింద పెట్టి ఊరుకోకండి. మాకు చెప్పండి. మీరు తిట్టినా పడతాం, దాచితే మాత్రం ఆమె పడ్డ కష్టం అంతా పోతుంది. అన్నీ బాగుంటే ఆ మాటా రాయండి.

ఇది కాలవ గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. మా బావమరిది మంద అవతలి ఒడ్డు నుంచి ఈదుకుంటూ వస్తోంది. ముందున్నవి అప్పుడే గట్టెక్కి రెక్కలు విదిలిస్తున్నాయి. నేను వాటిని చూడటం లేదు. అన్నిటికంటే వెనక ఒకటి ఇంకా నీళ్ళ మధ్యలో ఉంది, మెల్లగా వస్తోంది. అది ఒడ్డుకొచ్చి, నా ముందు నుంచి నడిచి వెళ్ళేదాకా ఇక్కడే ఉంటాను. మీ జాబు కోసం కూడా ఇలాగే చూస్తుంటాను, ఆలస్యం చేయకుండా రాయండి.