మొగుడి షిఫ్టులు చెప్పే వదిన

ఉక్కు కార్ఖానా పక్క బస్తీ బర్మామైన్స్‌లో మా పక్కింటి వదిన, మొగుడు కొట్టిన ప్రతి దెబ్బకీ ఒక షిఫ్టు పేరు చెప్పేది. పెదవి చిట్లితే, "మీ అన్నయ్యకి పొద్దుటి షిఫ్టు కదా బాబూ, నిద్ర సాలక సిరాకు" అనేది. చెంప వాస్తే రాత్రి షిఫ్టు. ఆ అన్నయ్య గొప్ప కార్మికుడు. ఫర్నేసు వేడిని దారిలో ఎక్కడా ఒలకనివ్వకుండా ఇంటికి తెచ్చేవాడు. ఫోర్‌మన్ మీద మాత్రం ఏనాడూ చెయ్యి చేసుకోలేదు, అంత క్రమశిక్షణ!

లైబ్రరీలో మనస్తత్వశాస్త్రం అలమర సగం చదివేసిన నేను, కొట్టేవాడికి సాకులు వెతికిపెట్టేది మనలోని భయమేనని ఆమెకు వివరించాను. శ్రద్ధగా విని, "బాగా సదివావు బాబూ, ఆ ఉల్లిపాయలు ఇలాగందుకో" అంది.

ఆ వారమే అతను ఆరేళ్ల కూతుర్ని కొట్టాడు. కుళాయి దగ్గర మా అమ్మ, "సెవి అలా వాసిందేటే?" అని అడిగింది.

"కుఛ్ నహీఁ, పాపా కా నైట్ డ్యూటీ హై నా" అంది పిల్ల బస్తీ హిందీలో, ఏం లేదు, నాన్నకి నైట్ డ్యూటీ కదా అని, అచ్చం తల్లిలా నవ్వి.

వదిన బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు.

మర్నాడు పొద్దున్న, మొగుడు డ్యూటీ దిగి నిద్రపోతుండగా, పర్సుడీహ్‌లో అక్క ఇంటికి పోవడానికి పిల్లని ఆటో ఎక్కించింది. అంతలో మళ్లీ లోపలికెళ్లి, ఎండ అతని ముఖాన పడకుండా కిటికీకి దుప్పటి కట్టి వచ్చింది.

"ఇంకా ఈ సేవలేటి వదినా?" అన్నాను.

"లేచి ఒక్కసారి పిలిత్తే ఉండిపోతాను బాబూ. బండి తొందరగా తియ్యమను."