నాలుగు వేళ్ళ దూరం: కంటి లెన్స్ కోసం గుడివాడలో ఒక రోజు

కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానానికి దిగినప్పుడు ఒక అల వచ్చి మొహాన కొట్టింది. కళ్ళజోడు పోయింది. నా కంటి పవరు మైనస్ పదకొండు. జోడు లేకపోతే ఒడ్డున ఉన్న జనమంతా నాకు రంగు మరకలే. బట్టలు, ఫోను ఉన్న సంచి ఎక్కడ పెట్టానో తెలియలేదు. కేకేసి పిలవడానికి వెంట వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. చేపలమ్మే ఒకామె నా మణికట్టు పట్టుకుని "ఇదా నీ సంచి? పోనీ ఇదా?" అంటూ అరగంట తిప్పింది. జోడు మీద ఆధారపడకుండా బతకాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

మొదట లేజర్ అనుకున్నాను. గుడివాడ కంటి ఆసుపత్రిలో కుదరదన్నారు. లేజర్‌తో కంటి ముందు పొరను చెక్కి సరిచేస్తారట. నా పొర పలచన, పవరు ఎక్కువ. అంత చెక్కితే మిగలదన్నారు. దానికి బదులు కంటిలోపల, పుట్టుకతో వచ్చిన కటకం ముందు, ఇంకో పలచని లెన్స్ అమర్చే ఆపరేషన్ ఉందని చెప్పారు. రెండు కళ్ళకీ కలిపి రెండు లక్షలకు దగ్గరగా అవుతుంది. కిందటి నెలలో కొలతలు తీసుకున్నారు. లెన్సులు తెప్పించడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పి, కుడి కంటికి తారీఖు ఇచ్చారు.

మచిలీపట్నాన్ని మేము బందరనే అంటాం. బందరు నుంచి గుడివాడకు పెడన మీదుగా బస్సులో గంటా పావు పడుతుంది. రైలైతే ఛార్జీ తక్కువ, కానీ వేళలు చూసుకోవాలి. దివిసీమ వాళ్ళు చల్లపల్లి మీదుగా పామర్రు చేరి అక్కడ బస్సు మారడం తేలిక. నేను ఆరున్నర బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. పక్క సీటు గుడివాడ దాకా ఖాళీగానే ఉంది. బస్టాండు బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. బండి ఆయన చట్నీ వేస్తూ "ఆసుపత్రికాండీ? ఒక్కరే వచ్చారా?" అన్నాడు. అవునన్నాను. ఆయన ఇంకో గరిటె చట్నీ వేశాడు.

ఆసుపత్రిలో ఆ ప్రశ్న మళ్ళీ ఎదురైంది. కాగితాలు చూస్తున్న నర్సు "మీ అటెండెంట్ ఎవరండీ? ఇక్కడ సంతకం పెట్టాలి" అంది.

"ఎవరూ లేరండీ."

"లేకపోతే ఎట్లా? కంటికి కట్టు కట్టాక మిమ్మల్ని ఒక్కర్నీ పంపించం. ఫోన్ చేసి పిలిపించుకోండి."

ఫోను తీసి పేర్లు పైనుంచి కింది దాకా చూశాను. ఎక్కువమంది నేను పని చేసిచ్చే గొలుసుల కొట్లవాళ్ళే. ఈ పనికి రమ్మని అడగగలిగిన పేరు ఒక్కటీ కనిపించలేదు. పక్క కుర్చీలో నాగాయలంక నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన కూర్చున్నారు, పేరు సుబ్బారావు గారు. ఆయన భార్య కోటేశ్వరమ్మ గారికి ఆ రోజు శుక్లాల ఆపరేషన్. ఆయన నర్సు చేతిలోంచి కాగితం లాక్కున్నంత పని చేశారు.

"ఇటు తేమ్మా. మా ఆవిడకి పెడుతున్నా గదా, ఇంకో సంతకానికి చెయ్యి అరిగిపోద్దా?"

"మీరు ఆయనకి ఏమవుతారండీ?"

"మావయ్యని. ఏం, పోలికలు లేవా?"

నర్సు నవ్వి సంతకం పెట్టించుకుంది. నా ఆపరేషన్ సంగతి ఆయన వివరంగా అడిగారు. చెప్పాను. "మా ఆవిడకి పాత అద్దం తీసి కొత్తది వేస్తారంట. నీకు ఉన్నది ఉండగానే ఇంకోటా? అంటే మేడ మీద మేడన్నమాట!" అన్నారు.

ఇంతలో కోటేశ్వరమ్మ గారిని నగలు తీసేయమన్నారు. ఆవిడ నల్లపూసల గొలుసు తీయబోతే కొక్కెం పట్టుకుంది. గట్టిగా లాగేసరికి కొక్కేనికి ఉన్న చిన్న రింగు విచ్చుకుని గొలుసు ఊడి చేతిలోకి వచ్చింది. ఆవిడ మొహం వాడిపోయింది. "ఇవాళే ఊడాలా ఇది" అంది మెల్లగా.

"ఇలా ఇవ్వండి అత్తయ్య గారూ" అన్నాను. ఆవిడ గాజుకున్న పిన్నీసు అడిగి తీసుకున్నాను. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. రింగును కంటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుంటే అందులోని సందు నాకు వాకిలంత కనిపిస్తుంది. పిన్నీసు మొనతో సర్ది, గోటితో నొక్కి మూశాను. రెండు నిమిషాల పని. బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల పనిలో నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే. ఎవరూ నేర్పలేదు, చూసి పట్టుకున్నాను. మిగతావాళ్ళు భూతద్దం పెట్టుకుని చేసే అతుకులు నేను ఉత్త కళ్ళతో చేస్తాను. అందుకే సన్నపని అంతా నా బల్ల మీదికే వస్తుంది.

ఆవిడ గొలుసు అందుకుని నా మొహంలోకి చూసింది. "అందరూ చూడ్డానికి జోడు పెట్టుకుంటారు, నువ్వు తీస్తున్నావేంటి నాయనా? మరి ఆ లెన్స్ లోపల పెట్టేస్తే, ఎట్లా తీస్తావు?"

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు.

కంటిలో చుక్కలు వేయకముందే డాక్టరు గారిని కలవాలని అడిగి, నా పని సంగతి చెప్పాను. డాక్టరమ్మ గారు నా షీటు తిరగేసి, "ఇక్కడ వృత్తి బిజినెస్ అని ఉందే?" అన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు నాది చిలకలపూడి అన్నాను. రాసే అబ్బాయి "రోల్డ్‌గోల్డ్ వ్యాపారమా అండీ" అని తనే రాసేశాడు. చిలకలపూడి అంటే బయట అందరికీ అమ్మేవాళ్ళే గుర్తొస్తారు. నేను సరిదిద్దలేదు. ఎక్కువ మాట్లాడటం నాకు అలవాటు లేదు.

కాంటాక్ట్ లెన్సులు ఎప్పుడైనా వాడారా అని అడిగారు. బల్ల దగ్గర మంట, ఆమ్లం పొగ ఉంటాయి కాబట్టి ఎప్పుడూ వాడలేదన్నాను. ఆవిడ ఒక జత తెప్పించి పెట్టించారు. ఎదురుగా గోడ మీది చార్టు ఆఖరి వరస దాకా చదివాను. జీవితంలో మొదటిసారి ముక్కు మీద బరువు లేకుండా చదివాను. తర్వాత నా జేబులో ఎప్పుడూ ఉండే రింగుల్లో ఒకటి తీసి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకున్నాను. పసుపు మరక. జోడు తీసి చూద్దామని చెయ్యి దానంతటదే ముక్కు మీదికి వెళ్ళింది. తీయడానికి అక్కడ ఏమీ లేదు.

"ఆపరేషన్ తర్వాత ఇలాగే ఉంటుంది" అన్నారు డాక్టరు గారు. "లేజర్‌లో చెక్కేసింది తిరిగి అతకలేం. ఈ లెన్స్ కావాలంటే తీయొచ్చు. కానీ తీయించుకోవచ్చులే అన్న ధైర్యంతో పెట్టించుకోకండి. ఎడమ కంటికి పవరు కొంచెం తగ్గించి తెప్పిస్తే జానెడు దూరం దాకా చూడొచ్చు. నాలుగు వేళ్ళది మాత్రం రాదు. పది రోజులు ఈ కాంటాక్ట్ లెన్సులతో మీ పని చేసి చూడండి, మంట దగ్గర మాత్రం వద్దు. కుడి కంటికి వచ్చిన లెన్స్ ఎక్కడికీ పోదు."

బయటికొచ్చేసరికి కోటేశ్వరమ్మ గారిని లోపలికి తీసుకెళ్ళారు. నా ఆపరేషన్ ఇవాళ లేదని సుబ్బారావు గారికి చెప్పాను. "మావయ్య పదవి పొద్దున వచ్చి మధ్యాహ్నానికే పోయింది" అని నవ్వారు. ఆయన ఫోన్ నంబరు అడగాలనిపించింది. అడగలేదు.

ఆ కాంటాక్ట్ లెన్సులతోనే బస్సెక్కాను. తిరుగు దారిలో కౌతరం దాటాక పొలాల మధ్య కరెంటు తీగ మీద పిట్టలు వరుసగా కూర్చుని కనిపించాయి. తోకలు కూడా తెలిశాయి. చూడండని పక్కకి తిరిగాను. పక్కన ఉన్నాయన నిద్రపోతున్నాడు.

పది రోజులు అయ్యాయి. మంట అక్కర్లేని రింగుల పనే పెట్టుకున్నాను, మొదటి మూడు రోజులు చాలా రింగులు పాడు చేశాను. భూతద్దం పెట్టుకుని ఇప్పుడిప్పుడే చెయ్యి కుదురుతోంది. కుడి కంటికి పూర్తిగా, ఎడమ కంటికి పవరు తగ్గించి చేయమని నిన్న ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాను. అటెండెంట్ ఎవరని వాళ్ళు మళ్ళీ అడిగారు. తర్వాత చెప్తానన్నాను. ఇరవై ఏళ్ళు నేను లోపమని సిగ్గుపడిన చూపే నాకు అన్నం పెట్టింది. ఇంట్లో ఒక మనిషంటూ ఉంటే, రోజూ నేను జోడు తీసి పనిలోకి వంగడం చూసి ఎప్పుడో ఒకప్పుడు 'లెన్స్ లోపల పెట్టేస్తే ఎట్లా తీస్తావు' అనేవారు. నా విషయంలో అది రెండు నిమిషాల పరిచయమున్న ఆవిడ అనాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ చూపును తెలిసి వదులుకుంటున్నాను. తెలియక పోగొట్టుకోవడం కంటే ఇది నయం.

ఈ ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. వృత్తి ఏమిటని అడిగితే ఒక్క ముక్కలో తేల్చకండి. మీరు చేసే పని వస్తువు ఒకటి జేబులో వేసుకెళ్ళి, రోజూ కంటికి ఎంత దూరంలో పట్టుకుంటారో డాక్టరు ఎదుట అంతే దూరంలో పట్టుకుని చూపించండి.